నీళ్ళ దాకా తొంభై మీటర్లు

మా వీధికీ సరస్సుకీ మధ్య దూరం తొంభై మీటర్లు. పుట్టి పెరిగింది అక్కడే అయినా ఆ సంగతి నాకు టేపు పట్టి కొలిచాకే తెలిసింది. పెద్దయ్యాక సరస్సంటే మార్కెట్ దాటి, ఐసు ఫ్యాక్టరీ వెనక నుంచి చుట్టు తిరిగి, చెమటలు కక్కుతూ చేరుకునే చోటనే అనుకునేదాన్ని.

కొలవమన్నది మా పెద్దసారు. మునిసిపల్ ఆఫీసులో నేను చేరి ఏడు నెలలైంది, ఏడాది నిండితే గానీ ఉద్యోగం ఖాయం కాదు. ఒక సోమవారం ఆయన నన్ను పిలిచి ఊరి పాత పటం చేతిలో పెట్టారు.

"ఇంత పెద్ద సరస్సు పెట్టుకుని ఊళ్ళో సగం మంది దాని మొహం చూడలేకపోతున్నారమ్మా. పాత సందులన్నీ వెతుకు. నడవదగ్గవి బాగుచేద్దాం, లేనిచోట కొత్తవి వేద్దాం. ముసలివాళ్ళు, చక్రాల కుర్చీల వాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఈ ముగ్గురూ నీళ్ళ దగ్గరికి వెళ్ళగలిగితే మిగతావాళ్ళు ఎలాగూ వెళ్తారు. అది మనసులో పెట్టుకుని గియ్యి."

మూడు వారాలు ఎండనక తిరిగాను. ఆరు దారులు తేలాయి. అయిదింటికి పొదలు కొట్టి, గోతులు పూడ్చి, ఒడ్డున వాలు కడితే చాలు. ఆరోదే మా వీధిది.

మా ఇంటి పక్కగోడకీ ఐసు ఫ్యాక్టరీ ప్రహరీకీ మధ్య తొమ్మిదడుగుల సందు ఉంది. పాత పటంలో చుక్కల గీతతో 'ప్రజల దారి' అని స్పష్టంగా రాసి ఉంది. చిన్నప్పుడు ఆ సందులో పరుగెత్తిన గుర్తు నాకూ ఉంది. ఇప్పుడు దాని మధ్యలో ఒక గది ఉంది. ఆ గది నాదే.

నేను పదో తరగతిలో ఉండగా నాన్న కట్టాడు. నాన్న తాపీమేస్త్రీ. అటు మా గోడ, ఇటు ఫ్యాక్టరీ గోడ ముందే ఉన్నాయి కాబట్టి రెండు గోడలు కడితే చాలు, గది అయిపోయింది. పైన రేకులు. రెండు గోడలు కష్టపడకుండా వచ్చాయని మేస్త్రీలంతా మెచ్చుకున్నారట. అవతల ఐసు దిమ్మలు ఉండటంతో ఫ్యాక్టరీ వైపు గోడ మండువేసవిలో కూడా చల్లగా చెమర్చేది. దానికి వీపు ఆనించి కూచునే ఇంటర్ చదివాను, ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం పరీక్ష రాశాను. మా ఇంట్లో అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసినా పట్టా పుచ్చుకున్నది నేనే.

ఆరో దారిని నేను ఫ్యాక్టరీ చుట్టూ తిప్పి గీశాను. ఆరువందల నలభై మీటర్లు వచ్చింది. మిగతా అయిదింటి కంటే దానికి రంగు ఇంకాస్త శ్రద్ధగా వేశాను.

పెద్దసారు పటం చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆరోది ఏమిటమ్మా, దారే దారి తప్పింది?"

"సందు మూసుకుపోయింది సార్."

"ఎలా?"

"మధ్యలో గది కట్టారు సార్."

"ఎవరు?"

అబద్ధమాడటం నాకు చేతకాదు. ఆ క్షణాన నిజం చెప్పడం కూడా చేతకాలేదు. "ఒక మేస్త్రీగారు సార్," అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ మేస్త్రీగారిని నేను నాన్నా అని పిలుస్తానని మాత్రం చెప్పలేదు.

"అయితే నోటీసు ఇవ్వు. ఏడు రోజులు గడువు. అభ్యంతరాలుంటే ఎవరైనా రాసి పంపొచ్చు. ఎనిమిదో రోజు నేనే అక్కడికొచ్చి వింటాను. నీ దారి, నీ సంతకం."

నోటీసు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి తపాలా గుమాస్తా బల్ల మీద పెట్టాను. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. చిరునామా ఒకసారి చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివారు.

"ఈ ఇంటి నంబరు నీ సర్వీసు పుస్తకంలో కూడా చూసినట్టుందే?"

"అవునండి."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఇంటికే నోటీసు పంపి గెలవమన్లేదు తల్లీ. పోనీ, రేపు మధ్యాహ్నం పంపిస్తాను. ఈ లోపు ఇంట్లో ఒక మాట చెప్పుకో."

ఆ సాయంత్రం చెబుదామనే వెళ్ళాను. అన్నం దగ్గర కూచుని, "అమ్మా, ఆఫీసులో ఒక విషయం..." అని మొదలుపెట్టాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "తినేటప్పుడు ఆఫీసు ఎందుకే, ముందు తిను, ముఖం పీక్కుపోయింది," అంది. తిన్నాక మొదలుపెడితే కుట్టుమిషను ఎక్కింది. అది ఆడుతుంటే ఇంట్లో మాట వినిపించదు. పొద్దున మూడోసారి ప్రయత్నిస్తే, "బస్సు తప్పిపోతావు, సాయంత్రం చెప్పు," అని తోసేసింది. నోటీసు చేరేలోగా ఇంటికి పోదామని మధ్యాహ్నం సెలవు పెట్టి బయల్దేరాను.

నా కంటే ముందే అది చేరింది. వీధి మొదట్లోనే అమ్మ గొంతు వినిపించింది.

"చూడు వదినా, ఆఫీసు నుంచి! మనిషొచ్చి నా చేత సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. కింద సంతకం ఎవరిదో చూడు!"

అమ్మ బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదవగలదు. ఆఫీసు తెలుగు చదువుకున్నవాళ్ళకే ఒక పట్టాన కొరుకుడు పడదు, అమ్మ ఎంత. కానీ నా సంతకం మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పాత నోటు పుస్తకాల వెనక పేజీల్లో నేను సాధన చేస్తుంటే పక్కన కూచుని చూసేది. దాంతో నాకు ఉద్యోగం ఖాయమైందని తేల్చుకుంది. మరి నాకొచ్చిన కాయితం మీద నా సంతకమే ఎందుకుంటుందని ఆమెకు తట్టలేదు.

ఆ వదిన మా వీధి వలల అత్త, ఏడో తరగతి దాకా చదివింది. వలలు బాగుచేయడం ఆమె పని. కాయితం మొత్తం చదివి, మడిచి, "సంతకం ముత్యంలా ఉంది వదినా," అంది. కాయితం తిరిగి అమ్మ చేతిలో పెట్టేసింది.

అమ్మ అప్పటికే ఎదురింటికి దాటింది. అక్కడ పడవల తాతయ్య. జీవితమంతా పడవలు చేసి, ఇప్పుడు అరుగు మీద కూచుని తెడ్లు మాత్రం చెక్కుతున్నాడు. కాయితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చదివాడు.

"ముద్ర భలే స్పష్టంగా పడిందమ్మా," అన్నాడు.

"కదూ బాబాయ్!"

నేను పరుగెత్తుకెళ్ళేసరికి వీధిలో సగం మంది గుమిగూడారు. అమ్మ నన్ను చూసి కాయితం ఊపింది. "ఇదిగో, వచ్చింది! ఖాయం చేశారంటే నోరు విప్పి చెప్పవేమే? రా, అందరికీ వినపడేలా చదువు."

"లోపలికి వెళ్దాం అమ్మా."

"లోపలెందుకు? వీళ్ళేం పరాయివాళ్ళా?"

చదివాను. వేరే మార్గం లేదు. "మీ ఇంటి తూర్పు గోడకు ఆనుకుని ప్రజల దారిలో నిర్మించిన గదిని ఏడు రోజులలోగా తొలగించవలసిందిగా ఇందుమూలంగా..."

అమ్మ నవ్వు సగంలో ఆగింది. "ఎవరి గదే?"

"నా గది."

"ఎవరు రాశారు?"

"నేనే."

అమ్మ కాయితం తీసుకుంది. సంతకం వైపు ఒకసారి చూసి, నాలుగు మడతలు వేసి, జాకెట్లో దోపుకుంది. "కంచే చేను మేసిందన్నమాట," అని లోపలికి వెళ్ళిపోయింది. వీధిలో వాళ్ళంతా ఒక్కసారిగా తమ తమ పనులు గుర్తొచ్చి చెదిరిపోయారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను మర్యాదస్తురాలినైపోయాను. అమ్మ నాతో నేరుగా మాట్లాడటం మానేసి, ఏది చెప్పాలన్నా నాన్న మీదుగా పంపేది.

"ఏమయ్యా, ఆఫీసరమ్మగారికి అన్నం పెట్టానని చెప్పు."

నాన్న నా వైపు తిరిగి, "అన్నం పెట్టిందట," అనేవాడు. ముగ్గురమూ ఒకే చాప మీద ఉండేవాళ్ళం.

"ఆఫీసరమ్మగారి చొక్కా గుండీ ఊడింది, కుట్టానని చెప్పు."

"కుట్టిందట."

నాన్న మామూలుగానే తక్కువ మాట్లాడతాడు. నోటీసు సంగతి తెలిసిన రోజు ఒకటే అడిగాడు. "ఎన్నడుగులు కావాలంటున్నారు?"

"తొమ్మిది."

"అంటే మొత్తం."

"మొత్తం నాన్నా."

"ఊఁ," అని తాపీ కడుక్కుంటూ కూచున్నాడు.

మూడో రోజు మాత్రం అమ్మ పంపిన మాట నాన్న చేర్చలేకపోయాడు. మిషను ఆపి, బట్ట వైపే చూస్తూ అంది. "ఆ గది పోతే ఈ ఇంట్లో ఒకళ్ళు చదువుకున్నారనడానికి ఏం మిగులుతుందో అడుగయ్యా ఆమెని." నాన్న నా వైపు తిరిగి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

నాలుగో రోజు ఆఫీసుకి వెళ్ళేసరికి తపాలా గుమాస్తా నా బల్ల మీద ఒక కట్ట పెట్టి ఉంచారు. "నీ ఆరో దారికి అభ్యంతరాలు. పదకొండు. అన్నీ మీ వీధి నుంచే."

ఆశ్చర్యపోయాను. దారి తెరిస్తే బాగుపడేది వాళ్ళే కదా. ఒక్కొక్కటీ విప్పి చదివాను.

'రోజూ చుట్టు తిరిగి నడవడం వల్ల నాకు షుగరు అదుపులో ఉన్నది. కావున దగ్గరి దారి వద్దు.' ఇది పడవల తాతయ్యది.

'వలల బండిని ఎంత దూరం లాగితే వలలు అంత బాగా ఆరును.' ఇది వలల అత్త.

'నీళ్ళు దగ్గరైతే పిల్లలు తడిసిపోయెదరు.' ఇంకొకరిది. 'మాకు సరస్సు అంటే మొదటి నుంచి ఇష్టము లేదు,' అని కూడా ఒకరు రాశారు. ఆయన చేపలు పట్టి బతుకుతాడు.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా మార్కెట్ వెనక నిలబడ్డాను. వలల అత్త ఒడ్డు నుంచి బండి తోసుకుంటూ వచ్చింది. తడి వలలు, ఇనుప చక్రాలు. నన్ను చూసి ఉలిక్కిపడి, వెంటనే నడుం నిటారు చేసి హుషారుగా నడవబోయింది.

"బండి ఇలా ఇవ్వు అత్తా."

"వద్దులే, నాకు ఇది ఆటలాంటిది."

లాక్కున్నాను. ఇరవై అడుగులు తోసేసరికి ఆ ఆట ఏమిటో నా భుజాలకి అర్థమైంది. మధ్యలో నాలుగుసార్లు ఆగాం. ప్రతిసారీ అత్త మోకాలు పట్టుకుని, నేను చూస్తున్నానని గుర్తొచ్చి వదిలేసింది. నాలుగోసారి అడిగాను.

"నిజం చెప్పు. ఎందుకు రాశారు అవన్నీ?"

"మీ అమ్మ మొహం చూడలేకే. ఆ రోజు వీధంతా ఆ కాయితం చూపించుకుంటూ తిరిగింది చూడు..." అత్త బండి అంచు మీద కూచుంది. "ఆ గది నీకు ఊరికే వచ్చిందనుకున్నావా?"

"మార్కెట్ వైపు రోడ్డు పడ్డాక ఆ సందులో ఎవరూ నడవట్లేదని నాన్న అన్నాడు."

"అన్నాడా! మేస్త్రీ ఎంత లౌక్యుడు! ఇంటింటికీ వచ్చాడే మీ నాన్న. 'ఇంట్లో ఉన్నది ఒక్క గది, మిషను చప్పుడు, పిల్ల చదువు సాగట్లేదు. రెండేళ్ళు ఆ సందు నాకు వదిలెయ్యండి, మళ్ళీ ఇచ్చేస్తా' అని చేతులు పట్టుకున్నాడు. చదివే పిల్ల కదా అని ఒప్పుకున్నాం."

"రెండేళ్ళా? తొమ్మిదేళ్ళైంది! అడగలేదేం మరి?"

"ఎప్పుడడగమంటావు? నువ్వు ఎప్పుడు చూసినా ఏదో ఒక పరీక్ష రాస్తూనే ఉంటివి!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తే నవ్వేసింది.

"తాతయ్య పడవలకి మేకులు కొట్టాలంటే ముందు మీ నాన్నని నీ టైం టేబులు అడిగేవాడు. లెక్కల పరీక్ష ముందు రోజు ఒక్క దెబ్బ కూడా వేసేవాడు కాదు. మా ఇంట్లో కీచులాడుకోవాలన్నా అవతలి గదిలోకి పోయేవాళ్ళం."

మా వీధి స్వభావమే నెమ్మదైనదని నేను తొమ్మిదేళ్ళు అనుకున్నాను.

"తాతయ్య షుగరు కోసం నడుస్తున్నాడన్నది?"

"ఆయన ఇటు నడిచి ఏడాదైంది. ఇంత దూరం కాళ్ళు రావట్లేదు. అందుకే అరుగు మీద తెడ్లు చెక్కడం. నీళ్ళెప్పుడు చూస్తానో అని ఒకసారి నాతో అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

మిగతా దూరం ఇద్దరం చెరో చెయ్యీ వేసి తోశాం.

ఎనిమిదో రోజు పొద్దున పెద్దసారు వచ్చారు. మా ఇంటి ముందు కుర్చీ వేశారు. వీధంతా నిలబడింది. నాన్న పనికి పోలేదు. అమ్మ గుమ్మంలో మిషను దగ్గర కూచుని, దారం లేని సూదిని తెగ ఆడిస్తోంది.

పెద్దసారు కట్ట విప్పారు. మొదటిది చదివి, "షుగరు ఎంత తగ్గింది తాతగారూ?" అని అడిగారు.

"చాలా తగ్గింది బాబూ."

"అంటే ఎంత?"

"ఇంకా తగ్గడానికి లేనంత."

జనం నవ్వారు. పెద్దసారు రెండోది తీయబోతుంటే నేను ముందుకొచ్చాను. ముందు రోజు సాయంత్రం నుంచీ చెప్పాల్సిన వాక్యాన్ని లోపల వందసార్లు అప్పజెప్పుకున్నాను. తీరా నిలబడేసరికి అది పోయి ఉత్త మాటలే వచ్చాయి.

"సార్, ఆ మేస్త్రీగారు మా నాన్న. ఆ గదిలో చదువుకున్నది నేనే. దారిని చుట్టూ తిప్పి గీసింది అందుకే. మీరడిగినప్పుడు చెప్పలేదు. తప్పు నాది. ఈ అభ్యంతరాల్లో ఒక్కటీ నిజం కాదు."

"ఏయ్, నాది నిజమే!" అన్నాడు తాతయ్య.

"నువ్వు అటు నడిచి ఏడాదైంది తాతయ్యా. అత్తా, నీ బండి మొన్న నేనే తోశాను. నాలుగుసార్లు ఆగాం. వీళ్ళు రెండేళ్ళకని నాన్నకి సందు ఇచ్చారు సార్. తొమ్మిదేళ్ళైనా తిరిగి అడగలేదు. ఇప్పుడు మా అమ్మ బాధపడుతుందని మీకు అబద్ధాలు రాశారు."

మిషను చప్పుడు ఆగింది.

అమ్మ లేచి బయటికొచ్చింది. ముందు నాన్న దగ్గరికి వెళ్ళింది. "ఏమయ్యా మేస్త్రీ. ఇంటింటికీ వెళ్ళి అడిగావా? ఊరికే పడున్న సందు అన్నావే నాతో!"

నాన్న తల గోక్కున్నాడు. "అడిగి తెచ్చానంటే నువ్వు కట్టనివ్వవు కదా."

అమ్మ అటు తిరిగింది. "నువ్వైనా చెప్పొద్దా వదినా? రోజూ నా గుమ్మం ముందు నుంచే బండి ఈడ్చుకుంటూ చుట్టు తిరిగి పోతుంటివే! రోడ్డు బాగుంది వదినా, గాలి బాగుంది వదినా అంటే నిజమే కాబోలనుకున్నాను!"

"చెప్తే నువ్వు ఆ పూటే గునపం పుచ్చుకుంటావు వదినా. నీ సంగతి నాకు తెలీదా?"

"తెలిసీ తొమ్మిదేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు. అందరూ కలిసి!" అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తీసేసరికి కళ్ళు ఎర్రగానే ఉన్నాయి గానీ అందులో యుద్ధం కనిపించింది. పెద్దసారు వైపు తిరిగింది.

"అయ్యా, ఇవాళే తీసేస్తాం."

"తొందరేం లేదమ్మా. ఉత్తర్వు రావాలి, దానికో పద్ధతుంది..."

"ఆ పద్ధతులన్నీ మా అమ్మాయి చూసుకుంటుంది. చదువుకున్నది అందుకే కదా." అప్పుడు, ఎనిమిది రోజుల తర్వాత, నేరుగా నా మొహంలోకి చూసింది. "ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? పుస్తకాలు బయట పెట్టుకో ఫో!"

ఆ 'ఏమే' విని నాకు ప్రాణం లేచొచ్చింది.

పుస్తకాలు, మంచం, బల్ల బయటికొచ్చాయి. నాన్నా ఇంకో ఇద్దరూ ఎక్కి రేకులు దించారు. గదిలోకి ఒక్కసారిగా ఆకాశం పడింది. గునపాలతో వీధి కుర్రాళ్ళు సిద్ధమయ్యారు. నాన్న వాళ్ళని ఆగమని, నిచ్చెనెక్కి, గోడ పైవరస అంచున పూత రాల్చి, ఇటుక కింద తాపీ దూర్చాడు. రెండుసార్లు అటూ ఇటూ కదిపాడు. ఇటుక చెక్కు చెదరకుండా, బీరువాలోంచి పుస్తకం తీసినట్టు, చేతిలోకి వచ్చేసింది.

అమ్మ కింద నిలబడి చూస్తోంది. "అదేంటి అంత తేలిగ్గా వచ్చింది?"

నాన్న వినిపించనట్టు రెండోది తీశాడు. ఇటుకకి అంటుకున్న మట్టి అమ్మ కాళ్ళ దగ్గర పడింది. అమ్మ వంగి, వేళ్ళతో నలిపి చూసింది.

"మట్టి! మట్టితో కట్టావా? సిమెంటన్నావు కదయ్యా నాతో!"

"పైన పూత సిమెంటే."

"లోపల మట్టా! తొమ్మిదేళ్ళు నా బిడ్డని మట్టి గోడల మధ్య పడుకోబెట్టావా? ఊరందరికీ గట్టిగా కట్టి, సొంత ఇంటికొచ్చేసరికి మట్టి దొరికిందా?"

నిచ్చెన మీద నాన్నకి పారిపోయే దారి లేదు. మూడో ఇటుక చేతిలో తిప్పుతూ, ఎవరికీ చెప్పనట్టు చెప్పాడు. "తిరిగి ఇవ్వాల్సిన దారి కదే. ఇచ్చేటప్పుడు పగలగొట్టకుండా విప్పేలా ఉండాలని. పనిలో లోపం లేదు. గడువులోనే లోపం."

పెద్దసారు కుర్చీలోంచి లేచి వెళ్ళి గోడని చేత్తో తడిమారు. "మేస్త్రీగారూ, మా ఆఫీసులో కట్టేవి కూడా ఇలా విప్పగలిగితే ఎంత బాగుండు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "పటం తప్పుగా గీసినందుకు నీకు మెమో ఇస్తాను. తప్పదు."

"ఇవ్వండి సార్."

అమ్మకి ఆ మాట పట్టింది. "ఏం కాయితమది? దాని మీద సంతకం ఎవరిదుంటుంది?"

"నాదేనమ్మా," అన్నారు పెద్దసారు.

"అయితే ఎవరికీ చూపించనులే."

మధ్యాహ్నానికి గోడలు నడుం ఎత్తుకి దిగాయి. ఇటుకలు చేతులు మారుతూ సందు చివరి దాకా వెళ్ళాయి. వలల అత్త తన బండి తెచ్చి, ఎవరో ఏదో అనేలోపే, నింపి తోసుకుపోయింది. ఆఫీసు తరఫున మేం ఒడ్డున వేసేది చక్రాల కుర్చీలు దిగే వాలు. ఆ పక్కనే ఈ ఇటుకలతో నాలుగు మెట్లు నేను కడతానని నాన్న అడిగాడు. అనుమతి రాయడానికి నాకు మూడు రోజులు, కట్టడానికి నాన్నకి ఒకటిన్నర రోజు పట్టింది. ఈసారి సిమెంటు కలుపుతున్నంతసేపూ అమ్మ పక్కనే నిలబడింది.

దారి తెరిచిన ఆదివారం తాతయ్య అందరికంటే ముందొచ్చాడు. ఒక చెయ్యి ఫ్యాక్టరీ గోడకి ఆనించి, ఒక్కో అడుగే వేస్తూ, దారి పొడుగునా ఏదో పడవ సంగతి చెబుతూ నడిచాడు. గది ఉండే చోటికొచ్చేసరికి ఉన్నట్టుండి ఆయన గొంతు గుసగుసలోకి దిగిపోయింది. పక్కన నడుస్తున్న వాళ్ళందరి గొంతులూ దిగిపోయాయి.

"పరీక్షలైపోయాయి తాతయ్యా, గట్టిగానే మాట్లాడు," అన్నాను.

"నిజంగా అయిపోయాయా? మళ్ళీ ఏమైనా రాస్తానంటావా?"

"రాయను."

"అయితే సరే," అని, ఆ మిగతా ముప్ఫై మీటర్లూ ఊరంతా వినపడేలా మాట్లాడుతూ వెళ్ళాడు. ఒడ్డున చెప్పులు విడిచి, మెట్ల మీద కూచుని, కాళ్ళు నీళ్ళలో పెట్టాడు.

ఇప్పుడు నేను ఇంట్లో ఉన్న ఒక్క గదిలోనే, మిషను ఉండే చోట పడుకుంటున్నాను. అమ్మ మిషనుని సందు వైపు అరుగు మీదికి మార్చుకుంది. గాలి బాగుందట. అసలు కారణం నాకు తెలుసు. అక్కడ కూచుంటే వచ్చేపోయే వాళ్ళంతా కనిపిస్తారు.

మొన్న సాయంత్రం నేను పని నుంచి వస్తున్నాను. మా వీధి మనిషి కాదు, చంటిపిల్లని బండిలో కూచోబెట్టుకున్న ఒకావిడ సందు మొదట్లో తటపటాయిస్తూ నిలబడింది.

"ఏమండీ, ఇది ఎవరిదైనా సొంత దారా? నీళ్ళ దాకా వెళ్ళొచ్చా?" అని అమ్మని అడిగింది.

అమ్మ మిషను ఆపింది. "అందరిదీనమ్మా. తిన్నగా వెళ్ళు, తొంభై మీటర్లే. మా అమ్మాయే కొలిచింది. బండి తీసుకుని వాలు మీదుగా దిగు, మెట్ల జోలికి పోకు. ఆఖరి మెట్టు జారుతుంది."

ఆమె థాంక్సు చెప్పి కదిలింది. అమ్మ వెనక నుంచి కేకేసి మరీ చెప్పింది.

"అది మాత్రం మా ఆయన కట్టింది!"